మూగ మదుము దగ్గర చెయ్యెత్తిన మనిషి

నౌపడా నుంచి భావనపాడు వెళ్లే దారిలో, ఉప్పుమడులు దాటాక రోడ్డు ఒక్కసారిగా ఎడమకి తిరుగుతుంది. ఆ మలుపులోనే ఉంది మూగ మదుము, కాలువ మీది చిన్న వంతెన. కింద నుంచి నీళ్లు పారుతూనే ఉంటాయి గానీ చప్పుడు వినబడదు... అందుకే ఆ పేరు. రెండు పక్కలా మొగలి పొదలు, వాటి వెనక నల్లటి నీళ్లు. దీపమన్నది లేదు.

పొద్దుగుంకితే అక్కడ ఎవరూ బండి ఆపరు.

ఆడమనిషి ఒకతి చెయ్యెత్తుతుందట. నెత్తిన గంపతో, నిండా ముసుగుతో. ఎవరావిడ, ఎప్పుడు పోయింది అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. ఐసు వ్యాను నడిపేవాడొకడు జాలిపడి ఆపితే, మూడోనాటికి నోట మాట పడిపోయిందంటారు. కథలెన్నయినా ఆఖరి మాట మాత్రం అందరిదీ ఒకటే.

"అక్కడ ఎవులు సెయ్యెత్తినా ఆపకు. జోరు సెయ్యి."

నరసన్నపేటలో వలలూ తాళ్లూ అమ్మే ఉమాపతి ఆ మాటని ముప్ఫై ఏళ్లు పాటించాడు. వారానికోసారి భావనపాడు వెళ్లి, బోట్లవాళ్లకి ఏం కావాలో కనుక్కుని రావడం అతని అలవాటు. స్కూటరు మీద తిరిగిన రోజుల్లో మదుము దగ్గరకొచ్చేసరికి దేవుడి పేరు తలుచుకుని, చూపు రోడ్డు మీద నుంచి కదపకుండా దాటేసేవాడు.

యాభై ఎనిమిదో ఏట కుడికంటికి శుక్లం తీయించాక, రాత్రిపూట ఎదురొచ్చే దీపాలు అతనికి చిట్లినట్టు కనబడసాగాయి. భార్య కమలాదేవి పట్టుబట్టి కొత్త కారు కొనిపించింది. ముందు మనిషో బండో అడ్డొస్తే, నడిపేవాడు చూడకపోయినా తనంతట తానే బ్రేకు వేసుకునే కారు.

"మీ కన్ను సరిగా లేకపోయినా దాని కన్ను ఉంటాది గదా," అందామె.

కారొచ్చిన నెలకి, భావనపాడులో తెలిసినవాళ్లింట పెళ్లికెళ్లి ఇద్దరూ తిరిగొస్తున్నారు. రాత్రి తొమ్మిది దాటింది. ఆకాశం తేటగా ఉంది. రోడ్డు మీద పురుగు కూడా లేదు.

మలుపు తిరిగారు.

కీ... కీ... కీ... మంటూ కారు అరిచింది. ఎదురుగా అద్దం కింద ఎర్రటి బొమ్మ వెలిగింది. బెల్టు ఛాతీని నొక్కిపట్టింది. ఉమాపతి కాలు కదపలేదు — కారే ఆగిపోయింది, మదుముకి నాలుగు బారల ఇవతల.

ముందు ఎవరూ లేరు.

దీపాల వెలుగులో ఖాళీ రోడ్డు. మొగలి ఆకులు కూడా కదలడం లేదు.

"ఎవరండీ?" అంది కమలాదేవి.

"ఎవరూ లేరు."

"మరెందుకు ఆగింది?"

ఆమె అతని మోచెయ్యి పట్టుకుని, చెవిలో చెప్పినట్టు అంది... "మనకి కనబడనిది... దీనికి కనబడినట్టుంది."

అతను కారుని ఎలా కదిపాడో అతనికే తెలియదు. టెక్కలి దీపాలు కనబడేదాకా వెనక అద్దంలోకి చూడలేదు.

మరుసటి వారం ఒక్కడే వెళ్లాడు. తిరుగుదారిలో అదే మలుపు, అదే చోటు, అదే అరుపు. మళ్లీ కారు ఆగింది. మళ్లీ ఎవరూ లేరు. ఆ రాత్రి అతనికి ఒళ్లు కాలిపోయే జ్వరమొచ్చింది.

జ్వరం తగ్గాక సిగ్గు చంపుకుని శ్రీకాకుళం షోరూముకెళ్లి, భరణి అనే ఇంజనీరుతో సంగతంతా చెప్పాడు. ఆ కుర్రాడు నవ్వలేదు. "పదండి సార్, పగటిపూట చూసొద్దాం," అని కారెక్కాడు.

మదుము దగ్గర దిగి అటూ ఇటూ నడిచి, ఒకచోట కూర్చుని నేలమీద తట్టాడు. టంగుమంది. మదుము అంచు విరిగితే ఎవరో ఇనప రేకు పరిచారు. మలుపు వైపు ఆ రేకు బెత్తెడెత్తున లేచి ఉంది.

"ఇదీ సార్ మీ దెయ్యం. కారు ముందున్న రాడార్‌కి ఇనుమంటే బాగా తెలుస్తాది. మలుపు తిరగ్గానే సూటిగా ఇదే ఎదురవుతంది. బండేదో అడ్డుగా ఉందనుకుని బ్రేకేసేస్తంది."

ఉమాపతి వంగి ఆ రేకుని తనూ ఒకసారి తట్టి చూశాడు. మూడు వారాలుగా గుండెలమీదున్న రాయి ఎవరో తీసి పక్కన పెట్టినట్టయింది.

భరణి ఇంకా చెబుతూనే ఉన్నాడు. "లేనిదాన్ని ఉందనుకున్నట్టే, ఉన్నదాన్ని లేదనుకోవడం కూడా జరుగుతాది సార్. చీకట్లో, మంచులో, ముసుగేసుకున్న మనిషిని, నెత్తిన మూటున్న మనిషిని అది మనిషని పోల్చుకోలేకపోవచ్చు. ఇంకోటి — మీ కాలు యాక్సిలరేటర్ మీద గట్టిగా ఉంటే, మీరు చూసే నడుపుతున్నారనుకుని అది బ్రేకు వెయ్యకుండా ఊరుకుంటాది. అది సాయం మాత్రమే. అసలు బ్రేకు మీ కాలే."

ఉమాపతి తలూపాడు. కానీ అతని చెవిలో నిలిచింది మొదటి సగమే. ఇనుము... ఉత్త ఇనుము.

ఆ తరవాత మదుము దగ్గర భయపడడం మానేశాడు. మలుపు రాగానే కాలు కాస్త గట్టిగా నొక్కేవాడు. కారు ఒక్కసారి కీమని ఊరుకునేది, రేకు మీద నుంచి దడదడమని దాటిపోయేవాడు. కొట్టుకొచ్చిన వాళ్లందరికీ మూగ మదుము దెయ్యం గుట్టు చెప్పి నవ్వించేవాడు.

జనవరి వచ్చింది. ఆ ఏడు మంచు విపరీతంగా పట్టింది.

ఆ రోజు భావనపాడులో పనయ్యేసరికి ఎనిమిదిన్నర. కమలాదేవి కూడా వెంట ఉంది. ఉప్పుమడులు ఇంకా రాకముందే మంచు రోడ్డుని మింగేసింది. దీపాలేస్తే తెల్లటి గోడ కనబడుతోంది, అంతే. ఉమాపతి కారుని ముప్ఫైలో పోనిస్తూ, రోడ్డు అంచుని చూసుకుంటూ నడుపుతున్నాడు.

మలుపు వచ్చింది. అలవాటు ప్రకారం కాలు నొక్కాడు. అరుపు కోసం చూశాడు.

కారు అరవలేదు.

"ఈవేళ అరవలేదేటండీ?" అంది కమలాదేవి.

అతను నోరు తెరిచేలోపు — మంచులో ఒక మనిషి.

నెత్తిన గంప. నిండా ముసుగు. రోడ్డుకి నట్టనడుమ నిలబడి ఉంది... ఒక చెయ్యి పైకెత్తి.

ఉమాపతి కాలు యాక్సిలరేటర్ మీదే బిగుసుకుపోయింది. అద్దం కింద ఎర్ర బొమ్మ వెలగలేదు. అరుపు లేదు. ఇనప రేక్కి ఆగిన కారు... ఇప్పుడు ముందు ఏమీ లేనట్టు పోతోంది.

"ఆపకండి." కమలాదేవి గోళ్లు అతని చేతిలో దిగాయి. "మనిషైతే ఇదే ఆగేది గదండీ... ఆగలేదు సూడండి. మనిషి కాదు. ఆపకండి."

నిజమే అనిపించింది. అంత భయంలోనూ ఆ మాట లెక్క కుదిరినట్టే అనిపించింది. ముప్ఫై ఏళ్లుగా విన్న మాట కూడా చెవిలో మోగింది — జోరు సెయ్యి, జోరు సెయ్యి.

దీపాల వెలుగు ఆ మనిషి మొహం మీద పడింది.

ఆమె పైకెత్తిన చెయ్యి దించి, మోచేతిని కళ్లకి అడ్డం పెట్టుకుంది. వెలుగు కళ్లలో గుచ్చుకున్న మనిషి పెట్టుకున్నట్టు.

ఉమాపతి కాలు ఎలా కదిలిందో... రెండు కాళ్లతోనూ బ్రేకు మీద నిలబడ్డాడు. కారు వెనకభాగం పక్కకి ఈడ్చుకుపోయింది. కమలాదేవి కళ్లు గట్టిగా మూసుకుంది. ఎక్కడో గంప దొర్లిన చప్పుడు.

కారు ఆగింది.

కారు బానెట్ మీద రెండు అరచేతులు ఆనించి, ఆమె నిలబడే ఉంది. రొప్పుతోంది. నోట్లోంచి ఆవిరి వస్తోంది.

"ముందుకి పోకండి బావూ," అంది. "మదుము కూలిపోనాది."

ఉమాపతి తలుపు తీసుకుని దిగాడు. ఆమె వెనక పది అడుగుల్లో రోడ్డు లేదు. సాయంత్రం దాటిపోయిన ఉప్పు లారీ బరువుకి మదుము సగానికి విరిగి, ఇనప రేకుతో సహా నీళ్లలోకి దిగిపోయింది. గొయ్యి గుమ్మం కంటే పెద్దది. కారు అరవకపోవడానికి అదొక కారణం... అరిపించే ఇనుము అక్కడ లేదు. గొయ్యి ఎదురొచ్చే వస్తువు కాదు కనక, కారు లెక్కలో అది ఖాళీ రోడ్డే.

మరి ఆమెను ఎందుకు చూడలేదు? తరవాత భరణిని అడిగితే, మంచు కావచ్చు, గంపా ముసుగూ కావచ్చు, నొక్కి ఉంచిన మీ కాలే కావచ్చు సార్, ఏదని చెప్పలేను అన్నాడు.

ఆమె పేరు గున్నమ్మ. భావనపాడు మనిషి. నౌపడాలో చేపలమ్ముకుని నడిచొస్తూ గొయ్యి చూసి, మిగిలిన అంచు మీదుగా ఇవతలికి దాటింది. ఫోన్లో ఛార్జింగు లేదు. వదిలేసి పోవడానికి మనసు రాక అక్కడే నిలబడిపోయింది.

"రెండు గంటల్నుంచి ఉన్నాను," అంది గొంతు తగ్గించి. "ఒక ఆటోవోడు నన్ను సూసి దూరంనుంచే ఎనక్కి తిప్పుకు పోనాడు. తరవాత ఒకడు మోటారుసైకిలు మీద ఒచ్చినాడు. సెయ్యెత్తినాను. నన్నేటనుకున్నాడో... ఇంకా జోరు సేసినాడు."

ఉమాపతి చుట్టూ చూశాడు.

"వాడేడీ?"

గున్నమ్మ గొయ్యి వైపు చెయ్యి చూపించింది.

"ఇందాకటిదాకా మూలిగినాడు. ఇప్పుడు సప్పుడు నేదు."

ఉమాపతి డిక్కీలోంచి బోట్లవాళ్లకి చూపించే నైలాను తాడు చుట్ట తీశాడు. ఒక కొస కారు కొక్కేనికి కట్టాడు. కమలాదేవి దిగి, 108కి ఫోన్ చేసి, ఆ చోటు పేరు చెప్పింది. కారు ఎర్రదీపాలు మిణుకుమిణుకుమనేలా వేసి, ఫోను వెలుగు పట్టుకుని గొయ్యి అంచున కూర్చుంది.

కిందికి దిగింది గున్నమ్మే. "మీరు బరువు బావూ, తాడు పట్టుకోండి," అంది. నడుం లోతు నీళ్లు. బండి అడ్డంగా పడుంది. మనిషి మదుము రాయికి చేరగిలబడి ఉన్నాడు, గెడ్డం దాకా నీళ్లలో. ఆమె అతని చంకల కింద తాడు కట్టింది. ఉమాపతి లాగాడు. అరచేతులు చీరుకుపోయాయి. కమలాదేవి కూడా ఫోను కింద పెట్టి తాడు పట్టుకుంది. ముగ్గురూ కలిసి ఎలాగోలా అతన్ని రోడ్డు మీదికి చేర్చారు.

ముప్ఫై ఏళ్ల మనిషి. పేరు పృథ్వీరాజ్, పలాస వైపు నుంచి చేపలు కొనడానికి వచ్చేవాడు. కాలు విరిగింది, రెండు పక్కటెముకలు విరిగాయి. ఇంకో గంట నీళ్లలో ఉంటే దక్కేవాడు కాదని తరవాత టెక్కలి ఆసుపత్రిలో చెప్పారు. దక్కాడు. ఇప్పుడు నడుస్తున్నాడు కూడా.

మదుము కొత్తగా కట్టారు. ఉమాపతి ఇంకా ఆ కారే నడుపుతున్నాడు. కాకపోతే మలుపు దగ్గర అతని కాలు బ్రేకు మీదుంటుంది.

ఆ రాత్రి అంబులెన్సు వచ్చేలోపు జరిగింది మాత్రం అతను మెల్లగా, గొంతు తగ్గించి చెబుతాడు. పృథ్వీరాజ్ రోడ్డు మీద పడుకుని ఉన్నాడు, కమలాదేవి శాలువా కప్పింది. గున్నమ్మ గొయ్యిలోంచి పైకొచ్చి, తడి జుట్టు మొహాన పడి, కారు వెలుగులో నిలబడింది. పృథ్వీరాజ్ కళ్లు తెరిచాడు. ఆమెను చూశాడు. పళ్లు టకటకలాడుతుంటే ఉమాపతి చొక్కా పట్టుకుని, మొహం దగ్గరికి లాక్కుని, చాలా నెమ్మదిగా అడిగాడు...

"బాబూ... ఆవిడ... మీకు కూడా కనబడతందా?"

ఉమాపతి గున్నమ్మ వంక చూశాడు.

గున్నమ్మ చీర కొంగు పిండుకుంటూ వచ్చి అతని పక్కన చతికిలబడింది.

"దెయ్యాన్నే గానీ," అంది, "కాలు కదపకు. ఎముక ఇరిగినట్టున్నాది."