వంతెన దాటేసరికి పదహారు తక్కువ

ఆ శనివారం పొద్దున ఒదెత్ మొక్కజొన్న రొట్టె కోసి, కాఫీ పక్కన పెట్టి, ముందురోజు బ్యాంకులో తీసిన డబ్బు మామగారి ముందు ఉంచింది. అబీలియు రొట్టె ముట్టుకోలేదు. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు.

"నూట ముప్పై నాలుగు. నా కూతురు పంపింది నూట యాభై."

"బ్యాంకులో ఇచ్చింది అంతే మామయ్యా. రసీదు ఇదిగో."

"కౌంటర్లో కూర్చున్నది నీ పెదనాన్న కొడుకేగా! నువ్వడిగితే నా చావు కాగితం కూడా అచ్చుకొట్టి ఇస్తాడు."

నాలుగు నెలలుగా ఇదే వరస. కూతురు గ్రాసా స్పెయిన్‌లో, కొరున్యాలో చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. స్పెయిన్ కొండలు ఈ కిటికీలోంచే కనబడతాయి. మధ్యలో సరిహద్దు ఏరు, ఏటి మీద వంతెన. యూరో వచ్చి రెండేళ్లయింది. అటూ అదే నోటు, ఇటూ అదే నోటు. అది వంతెన దాటేసరికి ఎలా అరుగుతుందో అబీలియుకు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని ఆయన దొంగతనం అన్నాడు. ఆ మధ్యాహ్నం కేఫ్‌లో నలుగురి ముందు, కోడలి పేరు పెట్టి మరీ అన్నాడు.

ఒదెత్ ఏడవలేదు. పెట్టె సర్దుకుని ఆడపడుచుకు ఫోన్ చేసింది.

"రేపు నువ్వన్నా రా, లేకపోతే నేనన్నా పోతాను. మీ తమ్ముడు లారీ దిగి ఇంటికొచ్చేదాకా ఆగను."

ఆదివారం మొదటి బస్సుకే గ్రాసా దిగింది. గుమ్మంలో పెట్టె చూసింది. కోటు విప్పకుండానే రెండు బ్యాంకుల రసీదులూ బల్ల మీద పక్కపక్కన పరిచింది.

"నేను పంపింది నూట యాభై. పదహారు ఇక్కడి బ్యాంకు కోసుకుంది. సరిహద్దు దాటే డబ్బుకు నీ ఖాతా పొడవాటి నంబరు రాయకపోతే కోస్తారు నాన్నా. ఆ నంబరు నిన్ను ఎన్నిసార్లు అడిగాను?"

అబీలియు కిటికీ వైపు చూశాడు.

"మూడుసార్లు," గ్రాసాయే చెప్పింది.

"ఆ నంబరు బయటపెడితే ఎవడైనా ఖాతా ఊడ్చేస్తాడు."

"దాంతో డబ్బు వేయడమే, తీయడం కుదరదు! ఎక్కడ దాచావు?"

"మీ అమ్మ సూదుల డబ్బాలో."

"దాచింది నువ్వు, దొంగేమో ఒదెత్! అమ్మ ఉంటే నీకు అన్నం పెట్టేదా?"

అబీలియు లేచి, డబ్బాలోంచి మడత కాగితం తీసి, టోపీ పెట్టుకున్నాడు.

"పద," అన్నాడు కోడలితో. "కలం తెచ్చుకో."

కేఫ్‌లో నిన్నటి నలుగురూ ఉన్నారు. పేకాట ఆపారు. అబీలియు వాళ్ల మధ్య నిలబడి, కూతురికి కూడా చెప్పని నంబరును ఒక్కొక్క అక్షరం, ఒక్కొక్క అంకె, గోడ అవతలికి వినబడేలా చదివాడు. అన్నీ కలిపి ఇరవై అయిదు. క్షమించమనలేదు. ఆ మాట ఆయనకు రాదు.

చివరి అంకెలు రాస్తుంటే ఒదెత్ కళ్ళు కారాయి. కాగితం తడిసి అంకెలు అలుక్కుపోయాయి.

"మళ్ళీ చదవనా అమ్మా?" అన్నాడు.

అబీలియు ఆమెను అమ్మా అనడం అదే మొదలు.