శ్రావణి పేరు రాసిన కప్పు

చర్ల దాటి అడవిలోకి పోయే దారిలో ఒక గూడెం ఉంది. ఆ గూడెం చివర, పైకప్పు సగం కూలిన పాత నర్సు క్వార్టర్. పొద్దుగూకాక దాని ముందు నుంచి ఎవరూ నడవరు. మెట్టు మీద ఒకామె కాళ్లు చాపుకుని కూర్చుంటుందట. పేరు పెట్టి పిలిచినా తల తిప్పదట... అంతే, ఇంకేమీ చెయ్యదు. అయినా పోడు చేల నుంచి వచ్చేవాళ్లు వాగు వైపు చుట్టు తిరిగి ఇళ్లు చేరుకుంటారు.

ఇదంతా నాకు శ్రావణి చెప్పింది. యూనివర్సిటీ హాస్టల్లో నా రూమ్మేట్, ఎమ్మెస్సీ జువాలజీ. చిన్న చిన్న అబద్ధాలు ఆడుతుంది గానీ ఇంత పెద్దది అల్లే ఓపిక ఆ పిల్లకు లేదు.

శ్రావణికి దెయ్యాలంటే భయం లేదు. జ్యోత్స్న అంటేనే మంట. ఇద్దరిదీ ఒకే క్లాసు. వాళ్ల సార్‌కు మలేరియా దోమల మీద ఒక ప్రాజెక్టు వచ్చింది. అందులో ఉన్నది ఒక్కటంటే ఒక్క ఉద్యోగం. ఆ గూడెంలో వారం రోజులు దోమలు పట్టాలి. ఎవరి ఒక్క కప్పులో మలేరియా దోమలు ఎక్కువుంటే ఉద్యోగం వాళ్లది.

ఆ పని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. మలేరియా రాకుండా మాత్ర వేసుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చీకట్లో కదలకుండా కూర్చోవాలి. కాలి మీద దోమ వాలగానే, అది కుట్టేలోపే, టార్చి వేసి గాజు గొట్టంతో పీల్చి కప్పులో వదలాలి. గంటకో కప్పు. మాటల్లేవు, వెనక్కి తిరగడాల్లేవు. వాళ్లు దిగిన ఇంటి ముత్తక్క గంటకోసారి వెనక నుంచి వచ్చి, చాపిన చేతిలోంచి కప్పు తీసుకుని పోతుంది.

శ్రావణి ఊరికి ఈ చివర గొడ్ల కొట్టంలో కూర్చుంది. ఎవరూ పోని ఆ క్వార్టర్ మెట్టును జ్యోత్స్న అడిగి మరీ తీసుకుంది. ఆమెకు రోజుకు ముప్పై, నలభై. శ్రావణికి ఐదో ఆరో — అవీ మలేరియావి కావు.

"దోమలక్కూడా జ్యోత్స్నే నచ్చిందక్కా!" అని ఫోన్లో ఏడ్చింది నాతో. నేను నవ్వాపుకోలేకపోయాను.

ఆరో రోజు రాత్రి ముత్తక్క రాలేదు. ఎనిమిదైంది... తొమ్మిదైంది... శ్రావణి కప్పులు పక్కనే పడి ఉన్నాయి. ముత్తక్క జ్యోత్స్న దగ్గరే కూర్చుని ముచ్చట్లు పెడుతోందా? ఆ ఆలోచనకే ఒళ్లు మండిపోయింది. చెప్పులు విడిచి, టార్చి ఆర్పి, క్వార్టర్ వైపు నడిచింది.

మెట్టు మీద మనిషి ఉంది. కాళ్లు చాపుకుని... కదలకుండా.

శ్రావణి గోడ పక్కన నక్కి చాలాసేపు చూసింది. టార్చి ఒక్కసారి కూడా వెలగలేదు. గొట్టం చప్పుడు కూడా లేదు. మెల్లగా వెనక నుంచి దగ్గరికి పోయింది. ఇంకో రెండడుగులు...

ఆ మనిషి తల తిప్పకుండానే చేయి వెనక్కి చాపింది. చేతిలో కప్పు.

జ్యోత్స్న తనను ముత్తక్క అనుకుంటోంది! శ్రావణి ఊపిరి బిగబట్టి కప్పు అందుకుంది. లోపల దోమలు కిక్కిరిసి ఉన్నాయి. లేబుల్ మీద పేరు లేదు. కొట్టంలోకి తిరిగొచ్చి తన పేరు రాసింది. రాసేటప్పుడు చేయి వణకలేదట. ఈర్ష్య అలా ఉంటుంది మరి.

ఇంటికి పోయేసరికి జ్యోత్స్న మూడు దుప్పట్ల కింద వణుకుతోంది. ముత్తక్క నుదుటి మీద తడిగుడ్డ వేస్తోంది.

"పొద్దుగూకక ముందే జరమొచ్చింది బిడ్డా. బయటికే పోలే. నీ దిక్కు రానీకి నాకూ కాలే..."

"మరి... మెట్టు మీద ఎవరున్నరు?"

ముత్తక్క లేచి తలుపు గడియ పెట్టింది.

ఆ కప్పును అప్పుడే పారేయాల్సింది. పారేస్తే ఉద్యోగం జ్యోత్స్నది. శ్రావణి పారేయలేదు.

మర్నాడు సార్ వచ్చి చూశారు. నలభై ఒక్క దోమలు, అన్నీ మలేరియావే. అన్నిటి పొట్టలూ రక్తంతో ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"కుట్టకముందే పట్టాలె గదమ్మా. ఎవర్ని కుట్టినయ్ ఇవి?"

"నన్నే సార్... జ్యోత్స్నకు జరమని మెట్టు మీద నేనే కూర్చున్న."

ఆమె కాళ్ల మీద ఒక్క దద్దురు లేదు. సార్ అటు చూడలేదు.

మూడు వారాలకు ఆ రక్తం పరీక్ష ఫలితం వచ్చింది. మనిషిది కాదు. ఆవుది కాదు. మేక, కుక్క, పంది, కోడి... దేనితోనూ కలవలేదు. సార్ ఆనందం పట్టలేక ఇద్దర్నీ పిలిపించారు.

"నా సర్వీసుల గిట్లాంటిది చూడలే! నిన్ను గాదమ్మా, ఏదో కొత్త జంతువును కుట్టొచ్చినయ్. ఉద్యోగం నీదే శ్రావణీ. మూడు నెలలు అదే మెట్టు. ఆ రాత్రి ఎట్ల కూర్చున్నవో, గట్లనే కూర్చో."

జ్యోత్స్న మొహం మాడిపోయింది. శ్రావణి దాన్ని కళ్లారా చూసింది. "అవ్ సార్," అంది.

మొన్న సోమవారం బస్సెక్కించడానికి నేనే వెళ్లాను. పెట్టె పట్టుకున్న ఆమె చేయి గజగజ వణుకుతోంది. చూడలేకపోయాను.

"పోకే. జరిగింది జరిగినట్టు సార్‌కు చెప్పెయ్," అన్నాను.

శ్రావణి పెట్టె బస్సులోకి తోసింది.

"చెప్తే... ఉద్యోగం జ్యోత్స్నకిస్తరక్కా," అని బస్సెక్కేసింది.