రంగస్వామిగారి కుడికాలు

"ఉలి పక్కన పెట్టప్పా. నీతో మాట్లాడాల."

ఆళ్లగడ్డ హైవే పక్కన తన షెడ్డులో ఉలితో రాయి మీద కొలతలు గీస్తున్న శిల్పి బాలు తలెత్తాడు. ఎదురుగా ఆకుపచ్చ జెర్సీ వేసుకున్న అమ్మాయి. గొడుగు ఉంది గానీ మడిచి చేతిలోనే పట్టుకుంది. జుట్టంతా వాన చినుకులు. నంద్యాల బస్సు దిగి కోపంగా నడిచి వచ్చినట్టుంది.

"ఏ దేవుడు కావాల మేడం?"

"దేవుడు గాదు. రంగస్వామి. ఆయన్ను చెక్కొద్దు."

రంగస్వామి నంద్యాలలో విత్తనాల వ్యాపారి. రెండేళ్ల కిందట నల్లమల ఫుట్‌బాల్ క్లబ్బును కొన్నాడు. కొన్న వారానికే ఆకుపచ్చ జెర్సీ తీసేసి, తన విత్తనాల సంచీ రంగు అని జట్టుకు పసుపు తొడిగించాడు. అభిమానులు పళ్లు కొరుక్కుని ఊరుకున్నారు. ఇప్పుడేమో గ్రౌండులో జనం కూర్చునే నాపరాళ్ల మెట్లు పీకించి, ఆ చోట వీఐపీ సోఫాలు, వాటి మధ్య తన నిలువెత్తు విగ్రహం పెట్టిస్తానంటున్నాడు. ఆ నాపరాళ్లు అభిమానులే ట్రాక్టర్లలో తోలుకొచ్చి, తమ చేతులతో పరుచుకున్నవి. ఈ అమ్మాయి సిరి, బడిలో లెక్కల టీచరు, అభిమానుల సంఘానికి కార్యదర్శి.

"ఒప్పుకున్న పని మేడం. నేను చెక్కకుంటే ఇంకొకరు చెక్కుతారు."

"అయితే నిదానంగా చెక్కు. మేం ఆయన మనసు మార్చేదాకా."

"ఆయన మనసు కంటే ఈ రాయే మెత్తగా ఉంటాది."

సిరికి నవ్వు రాబోయింది. కనబడనీయకుండా గోడకు ఆనించిన బొమ్మగీత వైపు తిరిగింది. వెంటనే కళ్లు పెద్దవి చేసింది.

"ఇదేందీ, బాల్ చేతిలో పెట్టినావు?"

"శంఖమైనా, గదైనా చేతిలోనే కదా పెట్టేది!"

"చేతిలో పెడితే ఫౌలప్పా! నువ్వు ఒక్క మ్యాచైనా చూసినావా?"

"లేదు."

"ఆదివారం రా. చూసి, ఆయన్ను ఎందుకు చెక్కకూడదో నువ్వే చెప్పు."

బాలు వెళ్లాడు. వెళ్లకుండా ఉండటానికి కారణమేమీ దొరకలేదతనికి.

ఎండకు కాలిన నాపరాళ్ల మీద కూర్చోగానే ఎగిరి లేచాడు. పక్కనున్న ఆటో డ్రైవర్ భీమన్న తన తువ్వాలు పరిచి, గుప్పెడు ఉడకబెట్టిన శెనక్కాయలు చేతిలో పోశాడు. బాలు బంతి కంటే సిరినే ఎక్కువగా చూశాడు. బడిలో పిల్లల్ని నిశ్శబ్దంగా ఉండమనే మనిషి ఇక్కడ మైదానం చివర గోల్ కాస్తున్న గోలీకి కూడా సలహాలిస్తోంది. మనవాళ్లు గోల్ కొట్టగానే మెట్లన్నీ లేచి నిలబడ్డాయి. సిరి అరుస్తూ బాలు చెయ్యి పట్టేసుకుంది. తర్వాత చూసుకుని గబుక్కున వదిలేసింది.

"గోల్ పడిందని పట్టుకున్న్యా. ఇంకేం అనుకోవద్దు."

"ఇంకో గోల్ కొడతారంటావా?" అన్నాడు బాలు అమాయకంగా.

ఆ రోజు ఇంకో గోల్ పడలేదు. బాలుకు ఫుట్‌బాల్ వల్ల మొదటిసారి బాధ కలిగింది.

ఆ తర్వాత ప్రతి శనివారం సిరి ఆళ్లగడ్డ వచ్చేది. పని ఎంత నిదానంగా సాగుతోందో తనిఖీ చేయడానికట. మూడు నెలలకు రంగస్వామి తల, భుజాలు, పొట్ట మాత్రం రాతిలోంచి బయటికొచ్చాయి. బొమ్మగీతలో బంతి చేతిలోంచి కాళ్ల దగ్గరికి దిగింది గానీ, నడుము కింద అంతా బండే.

ఒకరోజు రంగస్వామే కారు దిగాడు. "ఏమప్పా, నా కాళ్లు యాడ?"

"బాల్ తన్నేటప్పుడు మీ కుడికాలు ఎట్ల లేస్తాదో చూడల్ల సార్. చూడకుండా చెక్కితే అబద్ధమైపోతాది," అన్నాడు బాలు. అది సాకు కాదు, నిజంగానే అతని ఉలి అక్కడ ఆగిపోయింది.

రంగస్వామి మీసం దువ్వాడు. "ఆదివారం అవుకు జట్టుతో మ్యాచ్ కదా. ఫస్ట్ కిక్ నాదే. కండ్లారా చూడు."

సాయంత్రానికి సిరి ఫోన్ చేసింది. "ఆయనతో కిక్కు నువ్వే కొట్టిస్తాండావంట! అందరి ముందర హీరోను చేస్తాండావా? ఇన్నాళ్లూ మాతో శెనక్కాయలు తిన్న్యావే!"

"అట్ల కాదు సిరీ, నేను..."

ఫోన్ కట్టయింది. ఆ శనివారం ఆమె రాలేదు. బాలు ఉలి పట్టుకుని రోజంతా కూర్చున్నాడు, ఒక్క పెచ్చూ రాలలేదు.

ఆదివారం రంగస్వామి కొత్త బూట్లతో మైదానంలోకి రాగానే మెట్ల మీది జనమంతా ఒక్కసారిగా వీపు తిప్పేశారు. సిరి కూడా. చూస్తున్నది బాలు ఒక్కడే. రంగస్వామి పరుగెత్తాడు, కాలు ఊపాడు. బంతి కదల్లేదు. ఆయన మాత్రం గాల్లోకి లేచి దభీమని వెల్లకిలా పడ్డాడు.

"అమ్మా!" అన్న కేక విని అందరికంటే ముందు తిరిగింది సిరే. పరుగున వెళ్లి, "చూస్తాండావేందీ, పట్టు!" అంది బాలుతో. ఇద్దరూ ఆయన్ను చెరోవైపు మోసుకొచ్చి, దగ్గరగా ఉన్న కింది మెట్టు మీద కూర్చోబెట్టారు. సోడాబండి నుంచి ఐస్ తెచ్చి మడమకు కట్టారు. కదిలే పరిస్థితి లేక రంగస్వామి అక్కడే మ్యాచ్ చూశాడు.

పది నిమిషాలు మూలిగాడు. తర్వాత భీమన్న ఇచ్చిన శెనక్కాయలు వలిచాడు. అరగంటకు, "రెఫరీ! కండ్లు యాడ పెట్టినావప్పా!" అని అందరికంటే గట్టిగా అరిచాడు.

"ఈడ్నుంచి ఇంత బాగా కనపడతాందే!"

"మీ షామియానా కింద గుంజ అడ్డముంటాది సార్," అంది సిరి.

మనవాళ్లు ఒక గోల్ తేడాతో ఓడిపోయారు. అందరూ లేచి వెళుతున్నా రంగస్వామి మాత్రం తల పట్టుకుని కూర్చునే ఉన్నాడు. చివరికి గొణిగాడు. "మెట్లు ఉండనీండి. జెర్సీ మాత్రం పసుపే."

"దాని సంగతి వచ్చే నెల మాట్లాడదాం సార్," అంది సిరి.

"మరి విగ్రహం?" అడిగాడు బాలు.

"పై సగం కోసి మా ఆఫీసుకు పంపు. కింది బండను ఇంకో మెట్టు చెయ్యి. దాని మీద నా పేరు చెక్కు."

"మీద చెక్కితే పేరు మీదే కూర్చుంటారు సార్."

రంగస్వామి మెట్టు అంచును చేత్తో తడిమి చూశాడు. "పక్కకు చెక్కు."

ఆ తర్వాతి శనివారం బాలు షెడ్డు ఖాళీగా ఉంది, రాయి నంద్యాలకు వెళ్లిపోయింది. పదకొండు గంటల బస్సు దిగి సిరి వచ్చింది. ఆమె వెనక తెల్ల చొక్కాలో ఒక పెద్దాయన.

"నా పేరు సుందరరాజు. సిరి నాయనను. డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైనా. మా పాప శనివారం శనివారం ఏ రాయి చూడ్డానికి వస్తాందో చూద్దామని వచ్చినా."

"రాయి లేదు సార్. పంపించేసినా."

"రాయి లేకున్నా వచ్చిందే!"

సిరి నేల చూపులు చూసింది. బాలు చేతులకంటిన రాతిపొడి లుంగీకి తుడుచుకున్నాడు.

"మీ పాపంటే నాకు ఇష్టం సార్."

"నాతో చెప్పకుండా మా నాయనతో చెప్తావేందీ?" సిరి విరుచుకుపడింది.

"నీతో చెప్దామంటే నువ్వు మాట్లాడనిస్తావా? పోయినవారం ఫోన్ కట్ చేస్తివి!"

"కట్ చేస్తే మళ్లీ చేయకూడదా? రాత్రంతా చూస్తానే ఉన్న్యా!"

అనేసిన తర్వాత నాలుక కరుచుకుంది. సుందరరాజు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. షెడ్డు బయటున్న బండ మీద కూర్చున్నాడు.

"ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ అంటే ఏందో చెప్పప్పా."

బాలు గొంతుక్కూర్చున్నాడు. నాలుగు ఉలులు, ఒక సుత్తి నేల మీద పేర్చి, అటు జరిపి ఇటు జరిపి, ఐదు నిమిషాలు వివరించాడు. సుత్తి గోలీనో డిఫెండరో మధ్యలో అతనికే మరుపొచ్చింది.

"తప్పు," అన్నాడు సుందరరాజు.

సిరి ముఖం వాడిపోయింది.

"రేపు చర్చి అయినాక భోజనానికి రా. నేర్పిస్తా."

"నేను నేర్పిస్తాలే నాయనా!"

"నువ్వు చెప్తే ఆటను చూడడమ్మా ఈ పిల్లోడు," అన్నాడు సుందరరాజు లేస్తూ. "నిన్ను చూస్తాడు."