సబ్బుపెట్టె కెమెరా

"రాయి ఎక్కడికీ పారిపోదండీ. దానికి ఇంత పెద్ద ఫిరంగి ఎందుకు?"

చైతన్యకృష్ణ ట్రైపాడ్ బిగించడం ఆపి తలెత్తాడు. చీరాలలో పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసే అతనికి తన ఫుల్ ఫ్రేమ్ కెమెరా అంటే ప్రాణం. అమ్మ ఏమన్నా పడతాడు గానీ, కెమెరాను ఎవరేమన్నా పడడు. అలాంటిది మార్టూరులో, ఓ గ్రానైట్ పాలిషింగ్ షెడ్డులో, ముక్కూ మొహం తెలియని అమ్మాయి దాన్ని ఫిరంగి అంది.

"మీ చేతిలోదేంటండీ, సబ్బుపెట్టా?" అన్నాడు.

"సబ్బుపెట్టే! నీళ్ళలో పడ్డా ఏం కాదు. మీదీ ఓసారి తడిపి చూద్దామా?" అంటూ పలకలు కడిగే పైపు అందుకుంది.

"అమ్మా తల్లీ! ముందు ఆ పైపు అవతల పెట్టండి!"

ఆ అమ్మాయి బిందుమాధవి. షెడ్డు యజమాని వీరాంజనేయులు కూతురు. బీకామ్ చదివి, తండ్రి వ్యాపారంలో అమ్మకాలు చూస్తోంది. పాలిషయిన పలకలకు అరచేతిలో ఇమిడే ఆ కాంపాక్ట్ కెమెరాతోనే ఫొటోలు తీసి కొనేవాళ్ళకు పంపుతుంది. ఈసారి కేటలాగు ఘనంగా ఉండాలని తండ్రి బయటి నుంచి ఫొటోగ్రాఫర్‌ను పిలిపించేసరికి ఆమెకు ఒళ్ళు మండింది.

మాటా మాటా పెరిగి పందెం దాకా వచ్చింది. ఒకే పలకను ఇద్దరూ తీశారు. నల్లరాయి మీద బంగారు చుక్కలున్న పలక. లాప్‌టాప్‌లో రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టాక బిందుమాధవి ముందుకు వంగి చూసింది. అతని ఫొటోలో రాయికి లోతు వచ్చింది. షెడ్డు మూల చీకటి కూడా నున్నగా, శుభ్రంగా ఉంది. ఆమె ఫొటోలో ఆ మూలంతా ఇసుక చల్లినట్టుంది.

"సెన్సర్ అండీ. నాది చాలా పెద్దది, వెలుతురు బాగా లాక్కుంటుంది. మీదానికి పాపం చిటికెడు సెన్సర్" అన్నాడు, కాలర్ ఎగరేయడం ఒక్కటే తక్కువ.

"బాగుంది, ఒప్పుకున్నాను. మరి ఇక్కడ దగ్గరికెళ్ళి తియ్యండి."

ఆమె వేలు పెట్టిన చోటికి అతను లెన్సు తీసుకెళ్ళాడు. మసక తప్ప ఏమీ రాలేదు. ఈ లెన్సుకు కాస్త దూరం కావాలని గొణిగాడు. ఆమె తన కెమెరాను రాతికి ఆనించినంత పని చేసి క్లిక్ కొట్టింది. తర్వాత పలక మీద నీళ్ళు పోసి, ఆరేదాకా చేతులు కట్టుకుని నిలబడింది. పలకంతా ఆరింది. వెంట్రుకంత గీత ఒక్కటి మాత్రం తడిగా, నల్లగా మిగిలిపోయింది.

"ఈ గీత నా ఫొటోలో ఉంది. మీ ఫొటోలో ఏదీ?"

"అదా? ఏదో గీత పడిందని లాప్‌టాప్‌లో ఎక్కించగానే తీసేశాను. చేతికి అలవాటైపోయింది."

బిందుమాధవి మొహంలో ఆటపట్టించడం పోయింది. "అది క్రాక్ అండీ. తెలియక కొన్నవాడు వంటగట్టుకు వేయించుకుంటాడు. రేపు రోలు గట్టిగా పెడితే రెండు ముక్కలవుతుంది. మా నాన్న ఇలా నీళ్ళు పోసి చూపించకుండా ఒక్క పలక అమ్మడు. వీరాంజనేయులు రాయంటే కళ్ళు మూసుకుని కొంటారు. మీరు గీత తీసేస్తే ఆ మాట పోతుంది."

చైతన్యకృష్ణ బుద్ధిగా గీతను మళ్ళీ ఫొటోలోకి తెచ్చాడు. తెస్తూ ఆమె వైపు చూశాడు. ఎడమ చెంప మీద, కణత దగ్గర మొదలై పెదవి చివర దాకా సన్నని గాటు. చిన్నప్పుడు కోత మిషన్ దగ్గర రాతిపెచ్చు ఎగిరి తగిలిందట. కోపం వస్తే అది కాస్త ఎర్రబడుతుంది. ఎర్రబడినప్పుడల్లా అతనికి ఫోకస్ తప్పుతోంది. ఆ పలకల పని ఒక్క రోజులో అయ్యేది. అతను ఏవేవో వంకలు పెట్టి వారమంతా సాగదీశాడు. వంకలని ఆమెకూ తెలుసు. తెలిసీ పైపు ఎత్తలేదు.

చివరిరోజు వీరాంజనేయులు వచ్చి, "బాబూ, చేతిలో పనే కదా, మా అమ్మాయిదొక ఫొటో తియ్యి. సంబంధాలకు పంపాలి" అన్నాడు.

చైతన్యకృష్ణ కెమెరా సంచి జిప్పు సగంలో ఆపాడు. తనకు నచ్చిన పిల్ల ఫొటో తనే తీసి, ఇంకొకడికి పంపడానికివ్వాలి! ఇవ్వనని ఏ మొహం పెట్టుకుని చెప్తాడు? తీశాడు. రాత్రి ఇంటికెళ్ళి, మనసెక్కడో పెట్టుకుని, పెళ్ళికూతుళ్ళ ఫొటోలన్నిటికీ చేసేదే దీనికీ చేసి వీరాంజనేయులుకు పంపేశాడు.

వారం తిరక్కుండా ఫోను మోగింది.

"ఆ ఫొటోలో ఉన్నది ఎవరండీ?" అంది బిందుమాధవి.

"అదేంటి, మీరే కదా..."

"నా చెంప మీద గాటేది?"

అతను ఫొటో తెరిచి చూసుకున్నాడు. నున్నటి చెంప.

"ప్రత్తిపాడు వాళ్ళకు ఈ ఫొటో తెగ నచ్చేసిందంట. రేపే చూపులు. వాళ్ళు గుమ్మంలోకొచ్చి నన్ను చూసి, వీరాంజనేయులు మోసం చేశాడంటే మా నాన్న మళ్ళీ నలుగురిలో తలెత్తుకుంటాడా? రాయి మీద గీత తీసేస్తేనే ఊరుకోలేదు నేను. నా మొహం మీద గీత తీసేస్తారా?"

"బిందూ..."

"అండీ అనండి. రేపు వచ్చి, చేసింది మీరేనని వాళ్ళకు మీ నోటితో చెప్పండి. లేదంటే మళ్ళీ మార్టూరు వైపు రావద్దు" అని పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం అతను బస్సు దిగేసరికి మబ్బు కమ్ముకుంది. షెడ్డును ఆనుకునే ఇల్లు. ఇంటి ముందు కారు ఆగి ఉంది. వాళ్ళు వచ్చేశారు.

గడప దగ్గర అతని కాళ్ళు ఆగిపోయాయి. నోరు మూసుకుని వెనక్కి తిరిగితే చాలు, వచ్చినవాళ్ళు గాటు చూసి లేచిపోతారు. బిందుమాధవి ఎవరికీ కాకుండా మిగులుతుంది. నోరు తెరిస్తే, ఆహా ఎంత నిజాయితీ అని మెచ్చుకుని ఒప్పేసుకున్నా ఒప్పేసుకుంటారు. ఆమె ప్రత్తిపాడు వెళ్ళిపోతుంది. కెమెరా సంచి బరువు ఎప్పుడూ తెలియని మనిషికి ఆ రోజు భుజం లాగేసింది. లోపల నుంచి ఓ ఆడగొంతు వినబడింది.

"ఇదేంటండీ అన్నయ్యగారూ? ఫొటోలో పిల్ల వేరు, ఈ పిల్ల వేరులా ఉందే!"

చైతన్యకృష్ణ లోపలికి నడిచాడు.

హాల్లో బిందుమాధవి తల వంచుకోకుండా కూర్చుని ఉంది. గాటు ఎర్రగా ఉంది. ఎదురుగా పెళ్ళికొడుకూ, అతని తల్లీ. ఆవిడ చేతిలో ఫోను. వీరాంజనేయులు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తల్లి లేని ఇంటికి పెద్దదిక్కు నాయనమ్మ సుబ్బరావమ్మ. ఆవిడ కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడింది.

"తప్పు నాదండీ. ఆ ఫొటో తీసింది నేను. గాటు తీసేసింది నేను. తియ్యమని ఎవరూ చెప్పలేదు. ఆయనకి తెలియదు కూడా" అన్నాడు చైతన్యకృష్ణ ఒక్క గుక్కలో.

పైన రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.

"తెలుసు" అన్నాడు వీరాంజనేయులు, నేల చూస్తూ. "ఫొటో రాగానే చూశాను. గాటు లేదని కనబడింది. ఈ ఒక్కసారికీ పోనీలే అనుకున్నాను. పిల్ల తండ్రిని కదమ్మా... ఆ అబ్బాయి మీద పెట్టొద్దు."

బిందుమాధవి తండ్రి వైపు చూసింది. ఎన్ని పలకల మీద నీళ్ళు పోసి చూపించిన మనిషి! ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక పమిట కొంగు నలిపేసింది.

పెళ్ళికొడుకు తల్లి ఫోన్లో ఫొటోనీ, బిందుమాధవినీ మార్చి మార్చి చూసింది. తర్వాత మెత్తబడింది.

"పోనీలెండి, ఉన్నదున్నట్టు చెప్పారు. పిల్ల చక్కగా ఉంది, చదువుకుంది. మావాడికీ నచ్చింది. ఏరా?"

పెళ్ళికొడుకు తలూపాడు. చైతన్యకృష్ణ గడపవైపు జరిగాడు.

"గాటుదేముంది అన్నయ్యా" అందావిడ ఈసారి నవ్వుతూ, 'గారు' వదిలేసి. "కాస్త మేకప్ వేస్తే కనబడదు. పెళ్ళి ఫొటోల్లో ఎటూ ఈ అబ్బాయి తీసేస్తాడుగా. మా చుట్టాలెవరికీ తెలియకుండా పోతుంది. త్వరగా తేల్చండి, కల్లంలో మిరపకాయలున్నాయి, వానొచ్చేస్తోంది."

సుబ్బరావమ్మ హమ్మయ్య అని పళ్ళెం కింద పెట్టింది. వీరాంజనేయులు మొహంలో వెలుగొచ్చింది. అంతా కుదిరిపోయినట్టే.

"తియ్యడండీ" అంది బిందుమాధవి.

అందరూ తిరిగి చూశారు.

"ఆయన ఇంక గాటు తియ్యడు. నేను తియ్యనివ్వను. మీ అబ్బాయి మంచివాడేనండీ, మీరూ మంచివాళ్ళే. కానీ పెళ్ళయ్యాక రోజూ మేకప్ వేసుకుని దాక్కోవడం నా వల్ల కాదు. క్షమించండి, ఈ సంబంధం నాకొద్దు."

"ఏమే!" అంది సుబ్బరావమ్మ. అని, మనవరాలి మొహం చూసి, "దాని మాటే నా మాట. కాఫీ మాత్రం తాగి వెళ్ళండి" అంది.

వాళ్ళు తాగలేదు. కారు వెళ్ళేసరికి వాన గట్టిపడింది. వీరాంజనేయులు వసారాలో నిలబడి, "నీళ్ళు పోసి చూపించాల్సింది నేనమ్మా, నువ్వు చూపించావు" అన్నాడు. బిందుమాధవి వెళ్ళి తండ్రి భుజానికి తల ఆనించింది.

చైతన్యకృష్ణ సంచి భుజాన వేసుకుని మెల్లగా షెడ్డు వైపు జారుకున్నాడు.

"ఆగండి" అని వినబడింది. బిందుమాధవి వానలోనే వచ్చింది. "మీ ఫిరంగి బయటికి తియ్యండి. నా ఫొటో ఒకటి సరిగ్గా తీసి వెళ్ళండి."

"వానలో అది తియ్యలేను. తడిస్తే పాడవుతుంది."

"ఇప్పుడొప్పుకున్నారా?" అంటూ సబ్బుపెట్టె అతని చేతిలో పెట్టింది.

అతను దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. బరువే లేదు. "ఎంత దగ్గరికి రావాలి?"

"గీత కనబడేంత."

అతను ఒక అడుగు వేశాడు. మరొకటి వేశాడు. ఆమె వెనక్కి జరగలేదు. క్లిక్ మంది.

చిన్న స్క్రీన్ మీద ఇద్దరూ వంగి చూశారు. తడిసిన జుట్టు, ఏడ్చిన కళ్ళు, చెంప మీద ఎర్రని గాటు, పెదవి చివర ఇంకా పూర్తికాని నవ్వు. వెనక షెడ్డూ, పలకలూ, వసారాలో నిలబడి ఇటే చూస్తున్న తండ్రీ నాయనమ్మా కూడా ఉన్నారు. తన కెమెరా అయితే వాళ్ళందరినీ మసక చేసేసేదని అతనికి అనిపించింది.

"ఈ ఫొటో..." అంటూ ఆమె వైపు తిరిగాడు. "మా అమ్మకి పంపనా? సంబంధం చూడమని రోజూ గొడవ చేస్తోంది."

బిందుమాధవి స్క్రీన్ మీద పడిన చినుకును బొటనవేలితో తుడిచింది.

"గీత కనబడుతోందా?"

"బాగా కనబడుతోంది."

"అయితే పంపండి."