గోత్రం అడిగిన ఇల్లు

కార్తీక అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు కావడానికి ఇంకా పది నిమిషాలు! వాయుగుండం పట్టి మూడు రోజులుగా బందరు మీద సూర్యుడు కనబడలేదు. సముద్రం మీంచి లేచిన కారుమేఘాలు ఊరి నెత్తిన తిష్ఠవేశాయి. ఉరుము ఉరిమిన ప్రతిసారీ కిటికీ రెక్కలు గజగజలాడుతున్నాయి. ఎక్కడో గుడ్లగూబ కూసింది... పట్టపగలు! ఊరి చివర ఒంటరిగా ఉన్న ఆ డాబా ఇంట్లో, పైగదిలో, సుమలత సూట్‌కేసు తెరిచి బట్టలు సర్దుకుంటోంది.

పాపం, ఆ గది కోసం ఆ పిల్ల పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు. వాళ్ళది దివిసీమలో నాగాయలంక దగ్గర పల్లె. తండ్రి దయానందం పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. బందరులో పీజీ సీటొచ్చింది గానీ హాస్టల్లో చోటు దొరకలేదు. టు-లెట్ బోర్డు కనబడ్డ ప్రతి గుమ్మమూ ఎక్కింది. గది చూపిస్తారు, కుళాయి తిప్పి చూపిస్తారు, మంచినీళ్ళిస్తారు. అంతా అయ్యాక, "మీ ఇంటిపేరేంటమ్మా? మనవాళ్ళేనా?" అని తియ్యగా అడుగుతారు. చెప్పీ చెప్పగానే ఆ గదిలోకి ఎక్కడలేని చుట్టాలూ దిగిపోతారు! "అయ్యో, నిన్ననే మా ఆడపడుచు కొడుక్కి మాటిచ్చేశామమ్మా." అలా పదకొండు ఇళ్ళు. ఆ పదకొండు ఇళ్ళ చుట్టాలూ చల్లగా ఉండాలి!

అందుకే పన్నెండో ఇంట్లో అబద్ధమాడింది. క్లాస్‌మేట్ లిఖితది గుడివాడ, రోజూ బస్సులో వచ్చిపోతుంది. "నా పేరూ మా ఇంటిపేరూ చెప్పెయ్యవే. గోత్రం, నక్షత్రం కూడా నీకు చెప్తాను, అడిగితే అవీ నావే చెప్పు. ఆధార్ చూస్తారా ఏంటి?" అని సలహా ఇచ్చింది ఆ మహాతల్లే.

ఇల్లుగలాయన పూర్ణచంద్రరావు ఆధార్ చూడలేదు. పేరు, ఇంటిపేరు, గోత్రం, ఆఖరికి జన్మనక్షత్రం కూడా అడిగి కాగితం మీద ఎర్రసిరాతో రాసుకున్నాడు. కులం కూపీ లాగడానికి గోత్రం దాకా వెళ్ళేవాళ్ళని చూసీ చూసీ ఉంది కనుక సుమలతకి వింతగా అనిపించలేదు. అదీ ఆ దుర్మార్గుడి తెలివి! గోత్రం మీకెందుకండీ అని అద్దెకొచ్చిన పిల్ల ఎవత్తీ అడగదని వాడికి తెలుసు. "అమావాస్యనాడే దిగమ్మా, నాకలాంటి పట్టింపుల్లేవు," అన్నాడు.

పన్నెండయింది... కరెంటు పోయింది. కిందనుంచి గుగ్గిలం పొగ, దాని వెనకే వెంట్రుకలు కాలిన కమురు వాసన! ఏమైందో చూద్దామని సుమలత ఫోను లైటు వేసుకుని మెట్లు దిగింది. ఆమె హాల్లో కాలు పెట్టగానే తలుపు దానంతటదే మూసుకుంది.

గచ్చు మీద బొగ్గుపొడితో, కుంకుమతో గీసిన భయంకర యంత్రం... దాని నడుమ మానవ కపాలం! కపాలం మీద వెలుగుతున్న వత్తి! అవతల తడిజుట్టు విరబోసుకుని ఊగిపోతున్న స్త్రీ... ఇల్లుగలాయన భార్య సీతామహాలక్ష్మి. మొన్న గది చూడ్డానికొచ్చినప్పుడు కాఫీ ఇచ్చిన చేతులే ఇప్పుడు గోళ్ళతో గచ్చు గీరుతున్నాయి.

"రా లిఖితా," అన్నాడు పూర్ణచంద్రరావు. ఎర్రపంచె, నుదుట రక్తతిలకం, చేతిలో కత్తి. "ఏడేళ్ళుగా ఈ మహాశక్తిని నా పెళ్ళాం ఒంట్లో కట్టేశాను. ఇవాళ ఆఖరి బలి ముట్టిందా, నాకు దాసి అవుతుంది. గోత్రనామాలతో మూడుసార్లు పిలుస్తాను. మూడో పిలుపుకి నువ్వు పలికితే చాలు."

"పలక్కపోతే?" అంది సుమలత.

"పిలిచి బలి పెట్టకపోతే పిలిచినవాణ్ణే తింటుందిట. ఇంతవరకు ఎవరూ పలక్కుండా ఉండలేదులే."

మొదటి పిలుపు... ఉరుము! రెండో పిలుపు... సుమలత చేతిలో ఫోను మోగింది, ఎత్తింది. లిఖిత!

"ఏమోనే... ఊపిరాడ్డం లేదు... ఎవరో నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారే..."

సుమలతకి అప్పుడర్థమైంది. బలి తను కాదు... తను పలికితే గుడివాడలో లిఖిత ప్రాణం పోతుంది! పలక్కపోతే, వాడు తన మెడ మీద పెట్టిన కత్తి ఉంది. వాడు మూడోసారి గోత్రం చదివాడు, నక్షత్రం చదివాడు. "లిఖితా!" అని గర్జించాడు. కత్తి అంచు చర్మాన్ని కోసింది. బతకాలని ఉంది సుమలతకి, బాగా బతకాలని ఉంది. ఏడుపొచ్చింది.

"నేను లిఖితని కాదండి," అంది. "నా పేరు సుమలత."

ఊగుతున్న ఆడది ఠక్కున ఆగింది. "బలి ఏదిరా?" అంది... అది మనిషి గొంతు కాదు!

పూర్ణచంద్రరావు కత్తి దించేశాడు. "నీ గోత్రం చెప్పు, తొందరగా!"

"మాకు గోత్రం ఉండదండి. మేం క్రైస్తవులం. అందుకే ఎవరూ గది ఇవ్వలేదు."

వాడి మంత్రంలో గోత్రం చెప్పవలసినచోట ఇప్పుడు చెప్పడానికేమీ లేదు. సీతామహాలక్ష్మి లేచి నిలబడింది. ఏడేళ్ళ కట్లు పటపటా తెగాయి! ఆ శక్తి పూర్ణచంద్రరావు గోత్రాన్నీ నక్షత్రాన్నీ చదివి వాణ్ణి పేరు పెట్టి పిలిచింది. ఒకసారి... రెండుసార్లు... వాడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. మూడోసారి పిలిచింది. వేళ్ళ సందుల్లోంచి "ఆఁ" అన్న మాట దానంతటదే బయటికొచ్చింది!

ఆర్తనాదం... పిడుగు... కపాలం ముక్కలైంది. సుమలత కళ్ళు తెరిచేసరికి యంత్రం నడుమ ఎర్రపంచె ఒక్కటే ఉంది, అందులో పిడికెడు బూడిద ఉంది. పక్కనే సీతామహాలక్ష్మి నీరసంగా, మామూలు మనిషి గొంతుతో, మంచినీళ్ళు అడిగింది. సుమలత ఆమె తల ఒళ్ళో పెట్టుకుని తాగించి, ఊళ్ళోకి పరిగెత్తి మనుషుల్ని పిలుచుకొచ్చి అప్పగించింది.

సూట్‌కేసుతో రోడ్డెక్కాక లిఖితకి ఫోన్ చేసింది. ఇప్పుడు ఊపిరి బాగానే ఆడుతోందట. జరిగిందంతా విని లిఖిత భోరుమంది. "బస్సెక్కి మా ఇంటికొచ్చెయ్యవే. మా ఇంట్లోనే ఉందువుగాని."

"మీ అమ్మగారు అడుగుతారేమోనే," అంది సుమలత.

వాన పెద్దదైంది.

"అడుగుతుందే," అంది లిఖిత చివరికి. "నీ పేరే చెప్పు. నేను పక్కనే నిలబడతాను."

సుమలత మెడ మీది రక్తం చున్నీతో తుడుచుకుని బస్టాండుకి ఆటో పిలిచింది.