తల్లి పోయని ఒడిబియ్యం

“రజితా, చాయ్ అయ్యిందా?”

గేటు పక్క కుర్చీలో కూర్చుని కురుమూర్తి రెండోసారి అడిగాడు. వరండాలో బల్ల ముందు కాగితాలు సర్దుకుంటున్న కూతురు తల ఎత్తలేదు. ఇద్దరి మధ్య నాలుగు అడుగుల దూరం కూడా లేదు. మూడోసారి అడగలేదు. నాలుగేళ్లుగా చూస్తున్నాడు. ఒక్కోసారి పలుకుతుంది, ఒక్కోసారి గోడతో మాట్లాడినట్టే ఉంటుంది. మనసులో పెట్టుకుంది, అనుకున్నాడు. ఏం పెట్టుకుందో అతనికి తెలుసు. తెలుసని ఒప్పుకోవడమే ఇష్టం లేదు.

భార్య జములమ్మ పోయాక ఖిల్లా ఘణపూర్‌లో ఇంటికి తాళం వేసి, వనపర్తిలో ఉన్న కూతురి దగ్గరికి వచ్చేశాడు. ఇల్లు అంటే వెనక రెండు గదులు. ముందు నాలుగు గదులు ఆసరా కేంద్రం. మొగుడి చేతిలోనో అత్తింటివాళ్ల చేతిలోనో దెబ్బలు తిని, వెళ్లడానికి చోటు లేని ఆడవాళ్లు అక్కడ ఉంటారు. మొగుణ్ణి వదిలి వచ్చాక, తొమ్మిదేళ్లుగా రజితే దాన్ని నడుపుతోంది. గేటు తాళంచెవి మాత్రం తండ్రి దగ్గర ఉంచింది. అతను దాన్ని నమ్మకం అనుకోలేదు. కాపలా ఉద్యోగం అనుకున్నాడు.

ఊళ్లో ఉన్నప్పుడు అతను పెద్దమనిషి. చుట్టుపక్కల ఎక్కడ మొగుడూ పెళ్లాల గొడవ వచ్చినా కురుమూర్తిని పిలిచేవారు. అతని తీర్పు ఎప్పుడూ ఒకటే. కాగితం రాయించి, ఇద్దరి చేతా వేలిముద్ర పెట్టించి, “ఒడిబియ్యం పోసి పంపండ్రి” అనేవాడు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవిక గుడ్డ పుట్టింటివాళ్లు ఆడపిల్ల కొంగులో పోస్తే, ఆమె ఆ కొంగు నడుముకు ముడివేసుకుని అత్తవారింటికి వెళ్లాలి. ఒడి నిండిన ఆడది పుట్టింట్లో కూర్చోకూడదు. ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

రజిత బ్యాగు భుజాన వేసుకుని అతని ముందుకు వచ్చింది.

“నాయినా, కలెక్టరేట్ల మీటింగ్ ఉంది. రెండు గంటలల్ల వస్త. గేటు తియ్యకు. ఎవరొచ్చినా ఫోన్ చెయ్యి.”

“చుట్టాలొస్తే?”

“చుట్టాలొచ్చినా.”

“కన్నోళ్లొస్తే గూడ గేటు కాడ నిలవెడ్తవా? గిదేం కానూన్ బిడ్డా?”

“కన్నోళ్లొస్తే అందరికన్న ముందుగాల ఫోన్ చెయ్యి,” అని స్కూటీ ఎక్కింది.

మిగతావాళ్లు కుట్టు పనికి వెళ్లారు. లోపల పూజ అనే అమ్మాయి, వంట చేసే హెప్సిబా మాత్రమే ఉన్నారు. పూజది కోడేరు అవతల పల్లె. ఇరవై రెండేళ్లు. మొగుడు జితేందర్ రోకలితో ఎడమ చెయ్యి విరగ్గొడితే పన్నెండు రోజుల కింద కట్టుబట్టలతో బస్సెక్కి వచ్చింది. మొదటి వారం ఎవరితోనూ మాట్లాడలేదు. ఈమధ్యే కురుమూర్తికి నీళ్లు తెచ్చి ఇవ్వడం, ‘తాతా’ అనడం మొదలుపెట్టింది. చేతికి పిండికట్టు ఇంకా ఉంది.

ఎండ ముదిరాక గేటు దగ్గరికి ఒక మనిషి వచ్చాడు. తలకు రుమాలు, చంకలో మూట.

“నా పేరు బాలన్న. పూజ నాయినను. ఒక్కసారి నా బిడ్డను చూపియ్యిండ్రి పెద్దయ్యా.”

“మేడం లేదు. సాయంత్రం రా.”

“దాని తల్లికి పానం బాగలేదు. ఒడిబియ్యం పంపింది. ఒడి నింపి, గుడి కాడ మొక్కిచ్చి, మల్ల ఈడనే దించిపోత. మీ కాళ్లు మొక్కుత.”

కురుమూర్తి మూట వైపు చూశాడు. బట్టకు పసుపు మరకలు. ఒకటి తట్టింది. ఒడిబియ్యం తల్లీ తండ్రీ కలిసి పోస్తారు. తల్లి లేవలేకపోతే వదినో మేనత్తో వెంట వస్తుంది. మగవాడు ఒక్కడే మూట పట్టుకుని రాడు. తట్టింది గానీ, ఆ ఆలోచన వెనక ఇంకొకటి వస్తోందని భయపడి అక్కడే ఆపేశాడు.

హెప్సిబా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “పెద్దయ్యా, అక్కకు ఫోన్ చేద్దాం.”

“మీటింగ్ల ఉంది. ఒడిబియ్యం తెచ్చినోన్ని ఎండల నిలవెడ్తరా? మీ కిరస్తానంల గిది లేదేమో, మాకుంది.”

“మొగుడు కొట్టుడు మీ దాంట్లనూ ఉంది, మా దాంట్లనూ ఉంది. నా మాట విను పెద్దయ్యా.”

అతను వినలేదు. తాళం తీశాడు. పూజ కట్టుకోవడానికి రజిత చీర ఒకటి తనే లోపలి నుంచి తెచ్చి ఇచ్చాడు.

బాలన్న బియ్యం పోశాడు. పోస్తున్నంతసేపూ కూతురి మొహం చూడలేదు. తండ్రిని చూసి పూజ ఏడ్చింది.

“అమ్మకేమైంది నాయినా?”

“జరమే. పా, గుడి కాడ మొక్కొద్దాం.”

పూజ గుమ్మం దగ్గర ఆగి కురుమూర్తి వైపు చూసింది. “పోయి రా బిడ్డా, వీధి చివరనే గద,” అన్నాడు అతను.

వీధి మలుపులో కారు ఆగి ఉంది. కురుమూర్తి చూస్తుండగానే దాని తలుపు తెరుచుకుంది. జితేందర్ దిగాడు. పూజ వెనక్కి తిరిగింది. అతను ఆమె భుజం పట్టి కారులోకి లాగాడు. ఒక చేతికి కట్టు. రెండో చేత్తో ఒడి పట్టుకుని ఉంది. ఒడిలో బియ్యం నేల రాలకూడదని చిన్నప్పటి నుంచీ విన్న మాట. ఆ చెయ్యి వదలలేదు. అందుకే కారు తలుపు పట్టుకుని పెనుగులాడలేకపోయింది. అరవలేదు కూడా. గేటు వైపు ఒక్కసారి చూసింది. తలుపు మూసుకుంది.

కురుమూర్తి నాలుగు అడుగులు పరుగెత్తి, మోకాళ్లు పట్టుకుని రోడ్డు మీద కూర్చుండిపోయాడు.

హెప్సిబా ఫోన్ చేసిన పావుగంటకే రజిత వచ్చింది. పోలీసులకు దారిలోనే చెప్పింది. జీపు పంపుతామన్నారు. లోపలికి వచ్చి తండ్రి ముందు నిలబడింది. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది అతనికి.

“గేటు ఎందుకు తీసినవ్?”

“ఒడిబియ్యం తెచ్చిండు బిడ్డా. కన్నతండ్రి. గట్ల చేస్తడని నాకేం తెల్సు?”

“నీకు తెల్వదా?”

అతను నేల చూపులు చూశాడు.

“తల్లి లేకుంట ఒక్కడే మూట వట్టుకొని వచ్చే తండ్రి ఎందుకొస్తడో నీకు తెల్వదా నాయినా? నువ్వు నాకు తెచ్చిన మూట వెంట అమ్మ వచ్చిందా?”

పదకొండేళ్లలో ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. అప్పట్లో రజిత మొగుడి దెబ్బలు ఓర్చుకోలేక గద్వాలలో పెద్దమ్మ ఇంటికి పారిపోయింది. ఊరూరా కాపురాలు సర్దే పెద్దమనిషి కూతురే కాపురం వదిలిందంటే అతను తలెత్తుకోలేడు. జములమ్మ బియ్యం పోయనంది. లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది. కురుమూర్తి ఒక్కడే బియ్యంలో పసుపు కలిపి, ఒక్కడే గద్వాల బస్సెక్కాడు. కూతురి ఒడి నింపి, తీసుకెళ్లి అల్లుడికి అప్పగించి వచ్చాడు. ఆ తర్వాత ఏడేళ్లు జములమ్మ అతనికి అన్నం పెట్టింది. అంతే. ఒక్క మాట మాట్లాడకుండానే పోయింది.

“నీ మంచికనే గద...” అని గొణిగాడు.

“ఏమన్నవ్? ఈ దిక్కు వచ్చి చెప్పు. ఆ చెవు ఇనరాదు.”

“ఏ చెవు?”

“ఎడమ చెవు. నువ్వు దించిపోయిన మూడో దినం కొట్టిండు. అప్పటి సంది ఇనరాదు.”

కురుమూర్తి గేటు వైపు చూశాడు. తన కుర్చీ బల్లకు ఎడమ పక్కనే ఉంది. నాలుగేళ్లుగా అక్కడే ఉంది.

“నాకెందుకు చెప్పలే బిడ్డా?”

“చెప్తే ఏం చేస్తుంటివి? మల్ల మూట కడ్తుంటివి.”

రజిత ఏడవడానికి కూడా ఆగలేదు.

“ఇప్పుడు చెప్పు. పూజను ఏడికి తీస్కపోయిండ్రు? నువ్వైతే ఏడికి తీస్కపోతుంటివి?”

అది ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. అతని కంటే ఆ దారి తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

“సక్కగ ఇంటికి తీస్కపోరు,” అన్నాడు మెల్లగా. “ముందుగాల కాగితం. ముద్ర వడ్డంకనే ఇల్లు. ఆ ఊర్ల పంచాయితీలు సాయన్న చేస్తడు. ఆయన అరుగు మీద ఉంటరు.”

“ఎక్కు.”

దారంతా ఎండ కొడుతూనే ఉంది. కూతురి వీపు వెనక కురుమూర్తి బిగుసుకుని కూర్చున్నాడు. కోడేరు దగ్గర పడుతుండగా రజిత ముందుకే చూస్తూ మాట్లాడింది.

“గింత మంది వచ్చిండ్రు నా కాడికి. రాజీ కాగితం మీద తిరిగి పోయినోళ్లు ముగ్గురు. అండ్ల ఒకామె ఇప్పుడు లేదు. సావుకు పోయి వచ్చిన. ఇంకొకసారి నాతోని కాదు నాయినా.”

అతనికి రెండు చెవులూ వినిపిస్తాయి. ప్రతి మాటా వినిపించింది.

సాయన్న అరుగు మీద పది మంది మగవాళ్లు ఉన్నారు. కింద గోడకు ఆనుకుని పూజ, ఇంకా ఒడి పట్టుకునే ఉంది. పెదవి చిట్లింది. బొటనవేలు నీలంగా ఉంది. ముద్ర పడిపోయింది.

సాయన్న నవ్వుతూ లేచాడు. “రా కురుమూర్తన్నా, మంచిగొచ్చినవ్. అంత నీ పద్ధతిలనే చేసినం. కాగితంల మాటలు గూడ నీయే.”

“తల్లేది?” అన్నాడు కురుమూర్తి.

“ఎవరి తల్లి?”

“ఈ పిల్ల తల్లి. బాలన్నా, నీ పెండ్లాం ఏది?”

బాలన్న తల దించుకున్నాడు. “పొయ్యనన్నది. ఇంట్ల గడియ వెట్టుకుంది.”

కురుమూర్తి మెట్టు మీద కూర్చున్నాడు.

“నా పెండ్లాం గూడ గట్లనే వెట్టుకుంది,” అన్నాడు. “అయినా నేనొక్కన్నే పోసిన. నా బిడ్డను నేనే తీస్కపోయి అప్పజెప్పిన. మూడో దినం దాని చెవు పోయిందంట. నాకు ఇయ్యాల ఎరుకైంది సాయన్నా. నేను గిన్ని పంచాయితీలు చేసిన, ఎన్నిండ్లల్ల తల్లులు గడియ వెట్టుకున్నరో ఒక్కనాడు అడగలే. తల్లి పొయ్యంది ఒడిబియ్యం కాదు. ఈ కాగితం చెల్లదు.”

జితేందర్ లేచాడు.

“ముద్ర వడ్డది. ఇగ ఈ ముసలోని సోది ఎందుకు?”

“ఒక చెయ్యి ఇరగ్గొట్టి, ఇంకో చెయ్యి వట్టుకొని వేసిచ్చిన ముద్ర అది,” అంది రజిత. “జీపు వస్తుంది. ఆ సంగతి ఆళ్లకు చెప్పు.” అతని వైపు మళ్లీ చూడకుండా పూజ ముందు నేల మీద కూర్చుంది. “పూజా, నేను తీస్కపోను. నువ్వే చెప్పు. ఉంటవా, వస్తవా?”

పూజ తండ్రిని చూసింది. మొగుణ్ణి చూసింది.

“వస్త అక్కా,” అంది చివరికి. “గని ఈ బియ్యం...”

ఒంటి చేత్తో ముడి విప్పుకోలేకపోతోంది. రజిత విప్పింది. కురుమూర్తి భుజం మీది తువ్వాల తీసి నేల మీద పరిచాడు.

“ఇండ్ల పొయ్యి బిడ్డా. పాపం ఉంటే నాకు తగలనీ.”

బియ్యమంతా తువ్వాలలో పడింది. అతను దాన్ని మూట కట్టి బాలన్న చేతిలో పెట్టాడు.

“నీ పెండ్లాంకియ్యి. బిడ్డ తల్లి మాటే నిలవెట్టిందని చెప్పు. గడియ తియ్యమను. ఎందుకు వెట్టుకుందో నేను అడగలే, నువ్వన్న అడుగు.”

బాలన్న మూటను ముఖానికి అదుముకుని ఏడ్చాడు. జీపు వచ్చింది. జితేందర్‌ను, కాగితాన్ని తీసుకెళ్లింది.

సాయంత్రం కేంద్రంలో హెప్సిబా పూజకు అన్నం కలిపి తినిపిస్తోంది. కురుమూర్తి తాళంచెవి తెచ్చి బల్ల మీద పెట్టాడు. రజిత తీసుకుని బ్యాగులో వేసుకుంది. వద్దనలేదు. అతను గేటు దగ్గరికి వెళ్లి, కుర్చీ ఎత్తి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆమెకు కుడి పక్కన వేసుకుని కూర్చున్నాడు.

“రజితా.”

“ఊ.”

ఒక్క పిలుపుకే పలికింది.

“తప్పు చేసిన బిడ్డా.”

ఆమె తల ఎత్తలేదు. వినబడలేదేమో అనుకున్నాడు. వినబడింది. ముందున్న కాగితం మీద కన్నీటి చుక్క పడి సిరా అలుక్కుంది.

“గీ మాట అమ్మ ఉన్నప్పుడు అనుంటే బాగుండు నాయినా,” అంది. కాగితం పక్కకు జరిపి, “కుర్చీ రేపు గూడ ఈడనే ఉండనీ,” అంది.

కళ్లు తుడుచుకుందామని కురుమూర్తి భుజం తడుముకున్నాడు. తువ్వాల లేదు.