ఐలీ తలలోని తెల్లమచ్చలు

అమెరికాలోని సుపీరియర్ సరస్సు ఒడ్డున తెల్లారేసరికి మళ్లీ మోకాలిలోతు మంచు పడింది. ఐలీ ఎప్పటిలాగే పొయ్యి మీద కాఫీ పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. ఫోను మోగింది. కూతురు హైడీ. ఐలీ ఎత్తలేదు. అది మోగి మోగి ఊరుకుంది.

నిజానికి ఐలీ ఫోను వదిలిపెట్టే మనిషి కాదు. భర్త తోయివో పోయాక ఆ ఇంట్లో మనిషి గొంతు వినిపించేది అందులోనే. కానీ ఆమధ్య చర్చి మెట్ల మీద జారిపడితే, లోపల దెబ్బేమైనా తగిలిందేమోనని ఆసుపత్రిలో తలకు స్కాన్ తీశారు. దెబ్బేమీ లేదని ఇంటికి పంపేశారు. డాక్టరు మాట్లాడేలోపే రిపోర్టు మాత్రం ఆమె ఫోనులోకి వచ్చి కూర్చుంది. చదవకుండా ఉండాల్సింది. చదివింది. మెదడులోని తెల్లపదార్థంలో మార్పులు కనిపించాయట.

ఇంకేముంది, అక్క లెంపీ కళ్లముందు నిలిచింది. చివరి రోజుల్లో సొంత చెల్లెల్ని నర్సనుకుని, ఇక్కడ జీతం బాగా ఇస్తారా అని అడిగిన లెంపీ. తనకూ అదే మొదలైందనుకుంది ఐలీ. బయటపడిందా, ఈ ఇల్లు వదిలి వృద్ధాశ్రమానికి పోవాల్సిందే. అంతే, ఆసుపత్రివాళ్లు ఫోను చేసినా ఎత్తలేదు. నలుగురిలో ఎవరి పేరైనా గుర్తురాకపోతే పట్టుబడిపోతానని చర్చిలో ప్రార్థన తర్వాత అందరూ కలిసి తాగే కాఫీకి వెళ్లడం మానేసింది. శనివారం ఆవిరిస్నానానికి పొరుగింటి ఎల్మాను పిలవడమూ మానేసి, ఆ వేడి గదిలో ఒక్కతే కూర్చుని మనవల పేర్లు వల్లించుకునేది.

హైడీ సంగతి మరీను. గంటలకొద్దీ ఊసులు చెప్పే పిల్ల కాస్తా ఈమధ్య ఆరాలు మొదలుపెట్టింది. ఇవాళ ఏ వారం, నిన్నేం తిన్నావు, పొయ్యి ఆర్పావా అని. అందుకే ఆ ఫోనూ ఎత్తడం మానింది.

మధ్యాహ్నానికల్లా హైడీ కారు వాకిట్లో ఆగింది. బూట్లయినా విప్పకుండా వంటింట్లోకి వచ్చేసింది.

“బూట్లు,” అంది ఐలీ.

“బూట్ల సంగతి తర్వాత. అసలు బతికున్నావో లేదో చూద్దామని వచ్చాను.”

“చూశావుగా. కాఫీ తాగి వెళ్లు.”

“నీకు వేళాకోళంగా ఉందామ్మా? దారంతా ఏడుస్తూ నడిపాను.”

“ఫోను ఎత్తితే పరీక్ష పెడతావు. ఇవాళ మంగళవారం. నిన్న తిన్నది చేపల పులుసు. పాసయ్యానా?”

హైడీ కుర్చీలో కూలబడింది. “నేనూ చదివానమ్మా ఆ రిపోర్టు,” అంది.

తండ్రి జబ్బు నాటినుంచీ ఇంట్లోవాళ్ల ఆసుపత్రి కాగితాలన్నీ హైడీ ఫోనుకూ వస్తుంటాయి. చదివి హడలిపోయి, అమ్మ బెంగపెట్టుకుంటుందని దాచింది. తనకూ లెంపీ పెద్దమ్మే గుర్తొచ్చిందట. తల్లి ఇక్కడ, కూతురు అక్కడ, ఒకే భయాన్ని చెరోచోట దిగమింగుకుని కూర్చున్నారన్నమాట. ఫిన్లండ్ నుంచి వలసొచ్చిన మావాళ్లంతే. కాలు విరిగినా కుంటుకుంటూ వంట చేస్తారు గాని, నొప్పి అని నోరు తెరవరు.

హైడీ అప్పటికప్పుడు ఆసుపత్రికి ఫోను చేసింది. కాసేపటికి డాక్టరమ్మే తిరిగి చేసి, స్పీకరులో ఇద్దరికీ నిదానంగా చెప్పింది. ఈ వయసులో చాలామంది స్కానుల్లో ఆ తెల్లమచ్చలు ఉంటాయి. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే మెదడులోని సన్నటి రక్తనాళాలు బిరుసెక్కి, అలాంటి మచ్చలు పడతాయి. అవి ఉన్నంత మాత్రాన మరుపు జబ్బు వచ్చేసినట్టు కాదు. అలాగని వదిలేసేవీ కావు. పెరిగితే నడకా ఆలోచనా నెమ్మదిస్తాయి, పక్షవాతం ముప్పూ ఎక్కువవుతుంది. పడినవి పోవు గాని, మరిన్ని పడకుండా బీపీ మాత్రలు మానకుండా వేసుకోవాలి, నడవాలి, మనుషుల్లో తిరగాలి.

“రోజూ ఎవరెవరితో మాట్లాడుతుంటారు?” అని ఐలీని అడిగింది డాక్టరమ్మ చివర్లో.

ఐలీ ఆలోచించింది. “రేడియోతో,” అంది.

హైడీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూడకుండా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, పొద్దు వాలేదాకా అలాగే ఉండిపోయారు.

హైడీ ఇంటికి చేరిన మర్నాడు ఫోను మోగింది. ఐలీ ఎత్తింది.

“అమ్మా, పెద్దాడు హాకీ మానేస్తానంటున్నాడు. వాళ్ల నాన్న వాడితో మాటలు మానేశాడు. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను. ఏం చెయ్యమంటావు?”

ఐలీ చెప్పబోయింది. కావాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చి దొరకలేదు. తడుముకుంది. అవతల హైడీ మాట అందించలేదు, తొందరపెట్టలేదు. ఫోను చెవికి ఆనించుకుని, అమ్మ చెప్పేదాకా కూర్చుంది.